మాటల్లేని నిమిషం

జూన్ 3, సోమవారం

మనవరాలి స్టూడియోకి ఈ రోజు మొదటిసారి వెళ్ళాను. టైర్ల దుకాణం మీద రెండో అంతస్తు. మెట్లన్నీ రబ్బరు వాసన. పట్టపగలు కిటికీలకు నల్లగుడ్డ కట్టుకుని, కంప్యూటర్ల ముందు వరసగా కూర్చున్నారు. ఒక్కరి వెన్నూ నిటారుగా లేదు. ఆ మాట చెప్పాను. అందరూ సర్దుకుని కూర్చున్నారు. నేను తల తిప్పగానే మళ్ళీ కొడవళ్ళయ్యారు.

పని ఇది. ‘చీకటి కక్ష్య’ సీరియల్లో ఆఖరి నాలుగు భాగాలు పోయాయి. ఆ రోజుల్లో టేపు దొరకడం గగనం. ప్రసారం అయిపోగానే చెరిపేసి దాని మీదే ఇంకో కార్యక్రమం ఎక్కించేవారు. మా అంతరిక్ష నౌక మీద ఎవరో కూర్చుని ఎరువుల గురించి చెప్పి ఉంటారు. బొమ్మ పోయింది, శబ్దం మిగిలింది. ఎవరో అభిమాని టీవీ ముందు టేప్‌రికార్డరు పెట్టి ఆ నాలుగు భాగాలూ పట్టి దాచుకున్నాడు. మధ్యలో వాళ్ళింటి కుక్క మొరగడం కూడా పడింది. ఇప్పుడు వీళ్ళు ఆ శబ్దానికి తగ్గట్టు బొమ్మలు గీసి, వాటిని కదిలించి, పోయిన భాగాలను మళ్ళీ నిలబెడతారు.

అయితే ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఏ చేత్తో ఏం పట్టుకున్నారో శబ్దం చెప్పదు. అందుకు నన్ను పిలిచారు. సెట్టు మీద పనిచేసినవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నే అని మనవరాలి లెక్క. నేను ప్రాంప్టరును. నటులు మాట మరిచిపోతే కెమెరా కిందనుంచి అందించడం నా ఉద్యోగం. రెండో కెమెరా పక్కన స్టూలు నాది.

నేను చెప్పే ప్రతి సంగతినీ మూడు పద్దుల కింద వేయించాను: చూసినది, విన్నది, ఊహించినది. మూడో పద్దు ఖాళీగా ఉంటుందని ముందే చెప్పాను.

ముఖ్యమైన బొమ్మలు గీసే అతన్ని అందరూ పెన్సిల్ అంటారు. ముప్ఫై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, చూడ్డానికి పేరుకు తగ్గట్టే ఉంటాడు. కెప్టెన్ కోటుకు ఆరు గుండీలు పెట్టాడు. ఐదే అన్నాను. “ఆరోది లాండ్రీలో ఊడిపోయుంటుంది అమ్మమ్మగారూ” అన్నాడు. తుడిపించాను.

జూన్ 6, గురువారం

మొదటి రెండు భాగాలకు కావలసినవన్నీ చెప్పేశాను. నౌక నడిపే బల్ల మీద దీపాలు సీసా మూతలు. బల్ల వెనక ఒకడు వెల్లకిలా పడుకుని స్విచ్చులు నొక్కేవాడు, ఒకసారి నిద్రపోయి గురక పెట్టాడు. ఆ గురక శబ్దంలో ఉందేమో చూడమన్నాను. ఉంది. ఇన్నాళ్ళూ అది ఇంజను చప్పుడనుకున్నారట.

‘నీది తలకాయ కాదు అమ్మమ్మా, ఇనప్పెట్టె’ అంది మనవరాలు, అందరి ముందూ. ఇంట్లో ఎప్పుడూ అలా అనలేదు. ఇంటికొచ్చి అద్దం ముందు కాసేపు నిలబడ్డాను. ఎందుకో రాయక్కర్లేదు.

జూన్ 11, మంగళవారం

ఆఖరి భాగం విన్నాం.

చివర్లో నావికురాలికి ఆ గ్రహం మీది జబ్బు అంటుకుంటుంది. ఆమెను అద్దం తలుపు వెనక పెట్టి మూసేస్తారు. కెప్టెన్ ఆమెను వదిలి వెళ్ళాలి. ‘ఇక వెళ్ళండి’ అంటుంది. ఆ తర్వాత మాటల్లేవు. ఇంచుమించు ఒక నిమిషం. టేపు గరగర, ఆ ఇంటి కుక్క, అంతే. ఆపైన నౌక తలుపు మూసుకున్న చప్పుడు. సీరియల్ అక్కడితో సరి.

మనవరాలు టేపు ఆపి నావైపు తిరిగింది. ఈ నిమిషం తెలియకపోతే మనం చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే అంది.

నాకు కళ్ళకు కట్టినట్టుంది. చెప్పాను. కెప్టెన్ కుడిచేతి గ్లవ్‌ను ఒక్కో వేలూ లాగి తీశాడు. అరచెయ్యి అద్దానికి ఆనించాడు. ఆమె లోపలినుంచి అదే చోట తన చెయ్యి ఆనించింది. ఆమె ఊపిరికి వేళ్ళ సందుల్లో అద్దం ఆవిరి పట్టింది. కాసేపటికి ఆయన చెయ్యి తీశాడు. ఆవిరిలో ఆమె చెయ్యి మాత్రం మిగిలింది. ఆయన వెళ్ళిపోయాడు.

పెన్సిల్ చొక్కా చేతికి ముక్కు తుడుచుకున్నాడు. రుమాలు వాడమన్నాను.

పద్దు: చూసినది.

జూన్ 19, బుధవారం

ఫోటోలు వచ్చాయి. ఆ రోజుల్లో ఒకాయన ఇంట్లో టీవీ తెరను కెమెరాతో ఫోటోలు తీసేవాడట. ఆయన పోయాక కూతురికి దొరికితే పంపింది. అన్నీ మసక. ఒకటి ఆఖరి భాగానిది. అద్దం తలుపు, దాని వెనక నావికురాలు. ముందు కెప్టెన్, ఆమెకు వీపు పెట్టి, తల వంచుకుని. రెండు చేతులకూ గ్లవ్స్ ఉన్నాయి.

స్టూడియో అంతా ఆ ఫోటో చుట్టూ చేరి, తర్వాత ఒక్కొక్కరే వాళ్ళ కుర్చీలకు వెళ్ళిపోయారు. నా మొహం ఎవరూ చూడలేదు.

చెయ్యి పెట్టడానికి ముందో వెనకో అయ్యుంటుందిలే అంది మనవరాలు. ముందైతే ఆయన ఆమె వైపు తిరిగి ఉన్నాడు, వెనకైతే కుడిచేతికి గ్లవ్ ఉండదు, రెండూ కుదరవన్నాను. “పోనీలే అమ్మమ్మా. నువ్వు కాస్త టీ తాగు” అంది.

ఆ మెత్తని గొంతు నాకు తెలుసు. అక్కతో మేమందరం ఆ గొంతుతోనే మాట్లాడేవాళ్ళం.

జూన్ 20, గురువారం

చెయ్యి అద్దం మీద పెట్టాడు. నేను చూశాను. ఆ ఫోటో ఇంకేదో భాగానిది అయి ఉండాలి.

జూన్ 22, శనివారం

అక్క గురించి రాస్తాను. రాస్తే తేలికవుతుంది.

అక్కకు మతిమరుపు వచ్చిందని లోకమంతా అన్నది. మొదట్లో వచ్చింది మతిమరుపు కాదు. ఆమె ఏదీ మరిచిపోలేదు. కొత్త సంగతులు జ్ఞాపకం చేసుకోవడం మొదలుపెట్టింది. మా నాన్న ఒకసారి గుర్రం మీద బడికి వచ్చాడంది. ఆ గుర్రం నుదుటి మీద మచ్చ, కళ్ళెం రంగు, నాన్న దిగుతూ చెప్పు జారవిడవడం, అన్నీ వర్ణించి చెప్పేది. నాన్న జన్మలో గుర్రం ఎక్కలేదు. కానీ ఎంత ముచ్చటగా చెప్పేదంటే, వినేవాళ్ళకు కన్నీళ్ళు తిరిగేవి. మేం నవ్వుకునేవాళ్ళం కూడా. ఏడాది తిరిగేసరికి నన్ను చూసి, ఈవిడెవరు, కూర్చోమనండి, అంది.

అప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలిచి ఒక మాట చెప్పాడు. బుర్ర తనలో కన్నం ఉంటే ఓర్చుకోలేదట. చేతికందిన దానితో పూడ్చేస్తుందట. పూడ్చినట్టు యజమానికి చెప్పదట.

ఆనాటినుంచి నేను మరపుకు కాపలా కాస్తున్నాను. పొద్దున్నే పంతొమ్మిదో ఎక్కం అప్పజెప్పుకుంటాను. బజారుకు చీటీ లేకుండా వెళ్ళి అన్నీ తెస్తాను. ఇన్నేళ్ళలో ఒక్కటీ మరిచిపోలేదు. అందుకని నిశ్చింతగా ఉన్నాను. దొంగ వీధి గుమ్మంలోంచే వస్తాడనుకుని పెరటి తలుపు బార్లా తెరిచి కూర్చున్నట్టుంది నా పని. జ్ఞాపకం వచ్చినప్పుడు నేనెప్పుడూ అనుమానించలేదు. ఎవరైనా ఎందుకు అనుమానిస్తారు?

పెన్సిల్ ముక్కు తుడుచుకున్నాడు. అక్క గుర్రం కథకు మా పిన్ని అలాగే తుడుచుకుంది.

రాస్తే తేలిక కాలేదు.

జూన్ 26, బుధవారం

స్టూడియోకి వెళ్ళాను. ఆ నిమిషం బొమ్మలు గీయడం ఆపేశారు. ఎనిమిది రోజులుగా అద్దం మీద చేతులే గీస్తున్న అమ్మాయిని వేరే పనికి వేశారు. తేలేదాకా ఆగుదాం అని మనవరాలు తీసుకున్న నిర్ణయం. నాకు ఫోనులో చెప్పలేదు.

ఫోటో నకిలీది అన్నాను. ఎవరు ఎందుకు నకిలీ చేస్తారని అడిగింది. నాకు తెలియదు, కానీ నకిలీది అన్నాను. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటావేం అని ఎవరైనా నన్ను దెప్పి ఉంటే సంతోషించేదాన్ని. ఎవరూ అనలేదు. అందరూ తలూపారు.

బయల్దేరుతూ పెన్సిల్ వెనకనుంచి నడిచాను. తెర మీద ఆ ఫోటోను పెద్దది చేసి, కెప్టెన్ కోటు గుండీలు లెక్కపెడుతున్నాడు. ఐదే ఉన్నాయి.

ఐదే ఉన్నాయి. కానీ లెక్కపెట్టాడు.

జూన్ 30, ఆదివారం

కూతురికి ఫోన్ చేశాను. కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, మాటల్లో మాటగా, నీకు బళ్ళో చదరంగంలో బహుమతి ఇచ్చిన రోజు ఏ గౌను వేసుకున్నావో గుర్తుందా అని అడిగాను. ఆకుపచ్చది, జేబు మీద ఎర్ర కుట్టు. నాకు ఇప్పటికీ కనిపిస్తోంది.

“నాకు బహుమతి ఏంటమ్మా? అది అన్నయ్యకి కదా. నాకసలు చదరంగమే రాదు” అంది.

నిన్ను పరీక్షించడానికి అడిగానన్నాను. నవ్వింది. ఈ వయసులో కూడా పరీక్షలేనా అంది.

మరి ఆ ఆకుపచ్చ గౌను ఎవరిది?

గుండె దడగా ఉంది. టీ తగ్గించాలి.

జూలై 2, మంగళవారం

నావికురాలు బతికే ఉందట! మనవరాలు ఎక్కడెక్కడో వాకబు చేసి పట్టుకుంది. కూతురి దగ్గర ఉంటోంది, మోకాళ్ళు పనిచేయవు, నోరు పనిచేస్తుంది అని ఆ కూతురే చెప్పిందట. ఎల్లుండి వీడియో కాల్.

ఆమెను మేం చిలక అనేవాళ్ళం. ఒక్క రోజు కూడా పాఠం వచ్చి సెట్టు మీదికి రాలేదు. నేను గొణిగింది గొణిగినట్టు పలికి పేరు తెచ్చుకుంది. అలాంటి మనిషి జ్ఞాపకానికి విలువేమిటి?

ఆమె ఒక్క మాట అంటే చాలు నా పని తేలిపోతుంది. నాకు జ్వరం వచ్చిందని చెబుదామనుకున్నాను. థర్మామీటరు పెట్టుకున్నాను. లేదు.

జూలై 4, గురువారం

ఉన్నదున్నట్టు రాస్తాను.

తెర మీద తెల్లజుట్టు ముసలమ్మ కనిపించింది. మొహం నేను గుర్తుపట్టలేదు. నోరు తెరవగానే గుర్తుపట్టాను.

“నువ్వింకా ఉన్నావటే?”

“నువ్వుంటే నేనుండాలి కదా. నీకు మాట ఎవరందిస్తారు?”

ఆమె పళ్ళసెట్టు కదిలేలా నవ్వింది. స్టూడియో అంతా నవ్వింది. నేనూ నవ్వాననుకుంటాను.

మనవరాలు ఆ నిమిషం గురించి అడిగింది. ముందు నేను చెప్పింది చెప్పలేదు. తెలివైన పిల్ల, నేను పెంచిందే. చిలక క్షణం కూడా ఆలోచించలేదు. ఆయన వీపు తిప్పేశాడంది. మరి అద్దం మీద చెయ్యి పెట్టడం ఉందా అని మనవరాలు అడిగితే, అది రిహార్సల్‌ అంది. రిహార్సల్లో రోజూ అలాగే చేశారట. రికార్డింగ్ రోజు పొద్దున ఎవరో దుస్తులతను, గ్లవ్స్ మాటిమాటికీ జారుతున్నాయని, మణికట్టు దగ్గర కోటుకు కలిపి కుట్టేశాడట. కెప్టెన్‌కు చెప్పలేదు. ఎర్రదీపం వెలిగింది, సీను నడుస్తోంది, ఆయన గ్లవ్ లాగితే రాదు. ఆపితే టేపు వృథా. దాంతో గిరుక్కున వీపు తిప్పి, తల వంచి, ఆ కుట్టుతో కుస్తీ పడుతూ నిలబడ్డాడు. రాలేదు. వెళ్ళిపోయాడు.

“జనం ఉత్తరాలు రాశారమ్మా, ఎంత గొప్ప నటన అని! బాధ దాచుకోవడానికి మొహం తిప్పుకున్నాడట! ఆయన లోపల ఆ దర్జీవాణ్ణి తిట్టుకుంటున్నాడు.”

మా అమ్మమ్మ చెయ్యి చూశానంటోంది అంది మనవరాలు. మెల్లగా అంది.

“మీ అమ్మమ్మా? ఆవిడెప్పుడు చూసింది?” అంది చిలక. “ఎర్రదీపం వెలిగాక ఆవిడ తలెత్తగా చూసినవాళ్ళు లేరు. ముక్కు కాగితానికి, వేలు వాక్యానికి. నాలుగేళ్ళు నేను కెమెరా కింద చూసింది ఆవిడ పాపిడి ఒక్కటే.”

నిజం. ప్రాంప్టరు తలెత్తితే వేలు వాక్యం తప్పుతుంది. వేలు తప్పితే, సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు మాట మరిచిపోతారు. నేను ఒక్కసారి కూడా తలెత్తలేదు. దానికి నాకు మంచి పేరు. నేను చూసిందంతా రిహార్సల్. రికార్డింగ్ నేను విన్నాను, అంతే. గుండీలు, సీసా మూతలు, గురక, అవన్నీ విరామాల్లో చూసినవి. ఆ నిమిషాన్ని చూడలేదు.

ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరి బుర్రా చెడలేదు.

మనవరాలు వచ్చి నా భుజం మీద తల పెట్టింది. ఆమె కూడా ఇన్నాళ్ళూ ఏదో అనుకుంటోందన్నమాట.

జూలై 5, శుక్రవారం

తెల్లారేదాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. ఇల్లంతా కడిగాను. పై ఫ్లాటువాళ్ళ పిల్లల్ని మెట్ల మీద పరిగెత్తినందుకు తిట్టాను. వాళ్ళ అమ్మ, ఏంటి ఆంటీ ఇవాళ హుషారుగా ఉన్నారు, అంది.

జూలై 10, బుధవారం

ఈ భాగాలతో పాటు చిన్న పుస్తకం ఒకటి వేస్తారట. అందులోకి రిహార్సల్ హాలు బొమ్మ కావాలని పెన్సిల్ అడిగాడు. కూర్చుని చెప్పాను. పొడుగాటి హాలు, రోజూ పొద్దున ఎవరో వ్యాయామం నేర్పించేవారు, గోడకు చెక్క నిచ్చెనలు. సెట్టు ఉండదు. నేల మీద సుద్దగీతలు. ఈ గీత గోడ, ఈ గీత మెట్టు. అద్దం తలుపు అంటే రెండు కుర్చీల మధ్య గీత. కెప్టెన్ మామూలు చొక్కాలో వచ్చేవాడు. చేతికి గ్లవ్ లేదు, ఉన్నట్టు ఒక్కో వేలూ లాగేవాడు. గాలిలో అరచెయ్యి పెట్టేవాడు. చిలక ఎదురుగా పెట్టేది. మధ్యలో ఏమీ లేదు.

పెన్సిల్ గీసుకుంటూ పోతున్నాడు. నేను ఆగిపోయాను.

మధ్యలో ఏమీ లేదు. అద్దం లేదు. అద్దం లేనిచోట ఆవిరి ఎక్కడ పట్టింది?

నీళ్ళు తాగుతారా అని అడిగాడు. తాగాను. హాలుకు కిటికీలు ఎన్ని అని అడిగాడు. చెప్పాను. ఎన్ని చెప్పానో ఇప్పుడు గుర్తులేదు, నిజమో కాదో అసలు తెలియదు.

మనవరాలికి చెప్పలేదు. ఆమె పనిలో ఉంది.

జూలై 11, గురువారం

టీ పూర్తిగా మానేశాను. దడ తగ్గలేదు.

జూలై 12, శుక్రవారం

వేళ్ళ సందుల్లో ఆవిరి. చిటికెన వేలి దగ్గర కాస్త ఎక్కువ. ఇప్పుడు కూడా కళ్ళు మూసుకుంటే కనిపిస్తోంది. గుర్రం నుదుటి మీద మచ్చ అక్కకు ఇలాగే కనిపించి ఉంటుంది.

జూలై 18, గురువారం

స్టూడియోలో వాదన జరిగింది. అరచేతులే ఉంచుదామని పెన్సిల్. అదే అందంగా ఉంది, సగం గీసేశాం, వీపు తిప్పినట్టు ఒక్క మసక ఫోటో, చిలక మాట తప్ప సాక్ష్యం లేదు, ఇంకా చూసినవాళ్ళు ఎవరున్నారు, అన్నాడు. పోయినదాన్ని మళ్ళీ నిలబెడుతున్నాం, మనకు నచ్చినట్టు కట్టడం లేదు అంది మనవరాలు. మీ అమ్మమ్మగారు చెప్పినదాంట్లో ప్రాణం ఉందండీ అన్నాడు. ఇద్దరూ నావైపు చూశారు.

ఇది ఎవరికీ చెప్పేది కాదు కాబట్టి రాస్తున్నాను. అరచేతులే గీయాలని నేను ప్రాణం పెట్టి కోరుకున్నాను. గీసేస్తే అదే నిజమైపోతుంది. రేపు పుట్టేవాళ్ళందరూ దాన్నే చూస్తారు, దాన్నే గుర్తు పెట్టుకుంటారు. నా తలలో ఉన్నదే అందరి తలల్లోనూ ఉంటే, ఇక నాకు వచ్చిన జబ్బేమిటి?

గీయొద్దన్నాను. చూడలేదు కాబట్టి ఆ పద్దు కొట్టేయమన్నాను. గొంతు బాగానే ఉంది.

పెన్సిల్ తలవంచాడు. పోనీ ఆవిరి ఉంచుదామా అన్నాడు. ఆయన వీపు తిప్పుకున్నాక, వెనక ఆమె ఊపిరికి అద్దం మసకబారుతుంది, అదైనా మీరు చూశారు కదా అని అడిగాడు.

మీ ఇష్టం అన్నాను.

అబద్ధం ఆడలేదు. మీ ఇష్టం అనడం అబద్ధం కాదు.

ఆగస్టు 2, శుక్రవారం

ఏమీ లేదు.

ఆగస్టు 9, శుక్రవారం

మనవరాలు భోజనానికి వచ్చింది. చిక్కిపోయావన్నాను. నువ్వే చిక్కిపోయావు అంది. ఎండలన్నాను. బయట వాన పడుతోంది. ఆమె కిటికీ వైపు చూసి, నా వైపు చూసింది. ఏదో అడగబోతున్నట్టు అనిపించి గిన్నెలు తోమడానికి లేచాను.

ఆగస్టు 23, శుక్రవారం

ఆఖరి భాగం పూర్తయింది. స్టూడియోలోనే గోడకు తెర కట్టి చూపించారు. కుటుంబాలతో వచ్చారు. పెన్సిల్ పిల్లలిద్దరూ ముందు వరసలో నేల మీద. చిలక ఫోనులో చూస్తూ నడుమ నడుమ వ్యాఖ్యానం: నాకింత లావు నడుము ఎప్పుడుంది, నా ముక్కు ఎవరిది తెచ్చి పెట్టారు.

నేను తలెత్తి కూర్చుని చూశాను.

ఆ నిమిషం వచ్చింది. ‘ఇక వెళ్ళండి.’ కెప్టెన్ చెయ్యి గ్లవ్ మీదికి పోయింది. ఆగింది. గిరుక్కున మనవైపు తిరిగాడు. తల వంచాడు. కుట్టు దగ్గర బొటనవేలు గింజుకుంటోంది. అతని భుజం వెనక, అద్దం మీద, కొద్దికొద్దిగా ఆవిరి. కుక్కను తీసేయలేదు, దూరంగా ఒకసారి మొరిగింది. తలుపు మూసుకుంది.

చిలక కూడా మాట్లాడలేదు. తర్వాత చప్పట్లు. మనవరాలు ఏడుస్తూ నవ్వుతోంది. ఎంత బాగా తీశారమ్మా అన్నాను. తీయలేదు అమ్మమ్మా, గీశాం అంది.

ఆగస్టు 27, మంగళవారం

పొద్దున వంటింట్లో ఉండగా రికార్డింగ్ రోజు గుర్తొచ్చింది. మరిచిపోకముందే రాసుకోవాలి.

లైట్ల వేడికి సెట్టంతా రంగు వాసన. చిలక తన మాట తానే చెప్పింది, నేను అందించక్కర్లేకపోయింది. కెప్టెన్ గ్లవ్ పట్టుకున్నాడు, రాలేదు, వీపు తిప్పాడు. నా స్టూలు మీంచి సరిగ్గా కనిపించింది. మణికట్టు దగ్గర తెల్లదారం, దాన్ని ఆయన బొటనవేలు లాగుతోంది. వెనక అద్దం మీద ఆవిరి పట్టింది. లైట్లు పట్టుకున్నతను నోరు మూసుకుని నవ్వాపుకుంటున్నాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. కన్నీటికి కాగితం తడవకుండా పక్కకు పట్టుకున్నాను. ఎంత మంచి రోజు. అది చూసే అదృష్టం నాకు కలిగింది.

సాయంత్రం

పాలు మరుగుతుండగా పైది ఒకసారి చదువుకున్నాను, అక్షరదోషాలు ఉంటే దిద్దుదామని.

పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. గ్యాసు కట్టేశాను. మళ్ళీ చదివాను.

నా చేతిరాతే. ఎక్కడా వణకలేదు. కొట్టివేత ఒక్కటీ లేదు. మంచి వాక్యాలు. ఈ పొద్దున ఇది రాస్తున్నప్పుడు నాకు ఏ అనుమానమూ రాలేదు. సంతోషంగా ఉన్నాను కూడా.

ఇప్పటికీ కనిపిస్తోంది. తెల్లదారం కనిపిస్తోంది. అది పెన్సిల్ గీసిన దారమని నాకు తెలుసు, నాలుగు రోజుల కిందట గోడ మీద చూశానని తెలుసు. తెలిసినా పోవడం లేదు. ఆ స్టూలు మీద కూర్చున్న పిల్ల తల వంచుకుని ఉంటే, నేను లోపలినుంచి ఆమె గడ్డం పట్టుకుని పైకెత్తి చూపిస్తున్నాను. ఆమె చూస్తోంది.

ఈ పేజీ చింపేద్దామనుకున్నాను. చింపితే రేపటికి నాకే తెలియదు.

మనవరాలికి ఫోన్ చేశాను. ఏదో మీటింగులో ఉంది, తర్వాత చేయనా అంది. వద్దు, ఇప్పుడే విను అన్నాను. కళ్ళజోడు సర్దుకుని పై పేరా మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాను. చదవడం అయ్యాక, ఇది ఎప్పుడు రాశావు అని అడిగింది. ఈ పొద్దున అన్నాను. హాల్లో అద్దం లేదన్న సంగతీ చెప్పాను. ఆకుపచ్చ గౌను సంగతీ చెప్పాను. అక్క గుర్రం సంగతి ఆమెకు తెలుసు, అయినా చెప్పాను. చెప్పాల్సినవన్నీ అయిపోయాయి. అవతల ఆమె ఊపిరి వినిపిస్తోంది.

“అమ్మమ్మా, నీకు ఎలా ఉంది?”

బాగానే ఉందని నోటిదాకా వచ్చింది.

“భయమేస్తోందే” అన్నాను.

జన్మలో ఎవరితోనూ అనని మాట. మా ఆయన పోయినప్పుడు కూడా అనలేదు. అన్నాక గొంతు నాది కాదనిపించింది.

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు, తాళాల చప్పుడు. వస్తున్నానంది. రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్దాం, రాత్రికి ఇక్కడే ఉంటానంది. మీటింగు అయ్యాక రావచ్చు, తొందరేం లేదన్నాను. మీటింగు అయిపోయింది అంది. నేను లేచి పాలు తుడిచి, పక్క దులిపి, నీకేమైనా వండి పెడతానన్నాను.

“ఏమీ చెయ్యకు. కూర్చో. నేను వచ్చేదాకా లేవకు.”

నాతో ఇలా మాట్లాడినవాళ్ళు ఈ ఇంట్లో ఇంతవరకూ లేరు. పాలు స్టవ్ మీదినుంచి కింద చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. చూస్తూ కూర్చున్నాను.